పెద్ద ఈరన్నకు దొరికిన మాట

వెంకటేశ్వరమ్మ భర్త పెండ్లయిన మూడో ఏడు పాము కరిచి చనిపోయాడు. అప్పటికి ఆమెకు పదిహేడేండ్లు. దినాలు ముగిసినాక అన్న నారాయణ బండి కట్టుకొని పోయి ఆమెను కోయిలకుంట్లలోని పుట్టింటికి తీసుకొచ్చాడు. గాజుల్లేని చేతులు, బొట్టు లేని మొహం చూసి తల్లి గురమ్మ గోడకు తల కొట్టుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో వెంకటేశ్వరమ్మకు ఒక చోటు ఏర్పడిపోయింది. వంటింటి వెనక వసారా. ఇంట్లోంచి ఎవరైనా పనిమీద బయటికి పోతుంటే ఆమె ఆ వసారా దాటి వచ్చేది కాదు. రావద్దని ఎవరూ చెప్పలేదు. ఆమెకే తెలుసు.

ఒకనాడు నారాయణ సంతకు బయల్దేరి, తలగుడ్డ మరిచిపోయి వెనక్కి వచ్చాడు. అన్న కంట పడకూడదని చెల్లెలు తలుపు చాటుకు తప్పుకోవడం చూశాడు. ఆ రోజు అతను సంతకు పోలేదు. అరుగుమీద చాలాసేపు కూర్చొని, లోపలికి వచ్చి తల్లితో అన్నాడు.

"అమ్మా, దీన్ని చదివిస్తా."

"చదివి ఏం చేస్తాదిరా?"

"బతుకుతాది."

అలా ఆమె ఇంట్లోనే చదివి ఎనిమిదో తరగతి పరీక్ష రాసింది. పాసయ్యాక నారాయణ ఆమెను కడపలో ఆడవాళ్ళ ట్రైనింగు స్కూల్లో చేర్పించి వచ్చాడు.

అక్కడ ఇంగ్లీషు చెప్పే టీచరు కరుణమ్మ. మిషన్ వాళ్ళ దగ్గర పెరిగి మద్రాసులో చదువుకున్న మనిషి. తల పూర్తిగా నెరిసింది. పెండ్లి చేసుకోలేదు. ఆమె బల్లమీద ఇటుకంత లావు డిక్షనరీ ఒకటి ఎప్పుడూ ఉండేది. ఎవరు ఏ మాట అడిగినా అర్థం చెప్పి ఊరుకునేది కాదు. "ఈ మాట పుట్టిల్లు యాడుందో చూద్దాం పట్టు," అంటూ పేజీలు తిప్పేది. మెట్టినింట్లో కోడలు మారిపోయినట్టే మాటలు కూడా మారిపోతాయనీ, పుట్టింటికి పోయి చూస్తే తప్ప వాటి అసలు మొహం తెలియదనీ ఆమె నమ్మకం.

ఒక మధ్యాహ్నం లింగాల పాఠం వచ్చింది. ఒక వరుసలో మగమాటలు, పక్క వరుసలో ఆడమాటలు. చదవడం వెంకటేశ్వరమ్మ వంతు. ఆమె లేచి నిలబడి గట్టిగా చదవసాగింది.

"మ్యాన్, వుమన్. కింగ్, క్వీన్. లార్డ్, లేడీ. పొయెట్, పొయెటెస్. లయన్, లయనెస్. బ్యాచిలర్, స్పిన్‌స్టర్. విడోయర్..."

అక్కడ ఆగిపోయింది. పక్క వరుసలో ఉన్న మాట ఆమెకు తెలుసు. తరగతిలో మిగతా ఆడపిల్లలకూ తెలుసు. ముందు బెంచీలో ఉన్న అమ్మాయి తల వంచుకుంది. ఎవరో దగ్గారు. వెంకటేశ్వరమ్మ వేలు పుస్తకం మీదే ఉంది. చదవలేక ఆ అక్షరాల వంకే చూస్తూ ఉండిపోయింది. అలా చూస్తూ ఉండగానే ఒకటి కనిపించింది. వేలును పైకి జరిపి వరుసంతా మళ్ళీ చూసుకుంది.

"మేడం, ఒక మాట అడగనా?"

"అడుగు."

"తోక ఉండే జతల్లో అంతా మగమాటే ముందు ఉండాది. దానికి తోక తగిలిస్తే ఆడమాట అయితాంది. పొయెట్‌కు తోక పెడితే పొయెటెస్, లయన్‌కు తోక పెడితే లయనెస్. ఈడ మాత్రం విడో ముందు పుట్టినట్టుంది. దానికి తోక పెట్టి మగమాట చేసినారు. ఇట్ల ఎందుకయింది మేడం?"

కరుణమ్మ కండ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. "ఇన్నేండ్లుగా ఈ పాఠం చెప్తాండా. ఈ మాట ఎవురూ అడగలేదు," అంది నెమ్మదిగా. పుస్తకం దగ్గరికి తీసుకొని తానే వరుసంతా చూసింది. "నువ్వు చెప్పింది నిజమే. ఇట్లాంటిదే ఇంకొకటి ఉంది, కిందికి చూడు. బ్రైడ్ అంటే పెండ్లికూతురు. ఆ మాటకు ఇంకోటి కలిపితే బ్రైడ్‌గ్రూమ్, పెండ్లికొడుకు. నాకు తెలిసి మనుషుల్లో ఈ రెండే. పెండ్లినాడు ఒకసారి, పెండ్లాం పోయిననాడు ఒకసారి. ఆ రెండు దినాలు మాత్రం మగవాడికి ఆడమనిషిని బట్టి పేరు."

కరుణమ్మ డిక్షనరీ తెరిచింది.

"విడో పుట్టిల్లు చూద్దాం. మనం విధవ అంటాం, వాళ్ళు విడో అంటారు. వినండి రెండూ. విధవ, విడో. జర్మనీలో, రష్యాలో కూడా దీనికి దగ్గరి మాటలే. ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకున్నవి కావివి. అందరూ ఒకే ఇంటినుంచి మూటగట్టుకొని పోయినవి. ఇంగ్లీషు పుట్టకముందు, సంస్కృతం పుట్టకముందు, యాడో ఒకచోట ఒకే జనం ఉండేవాళ్ళని పండితులు చెప్తారు. వాళ్ళు ఈ మాట అన్నారు. తర్వాత కొందరు ఇటు వచ్చినారు, కొందరు అటు పోయినారు. ఎన్నో మాటలు దారిలో పారేసుకున్నారు. ఈ మాటను మాత్రం పారేసుకోలేదు."

"ధవుడు అంటే భర్త, భర్త లేనిది విధవ అని మా బడి ఐవారు చెప్పినాడు మేడం," అంది వెనక బెంచీలోని అమ్మాయి.

"నాకూ అట్లే చెప్పినారు. కానీ మొదటి మాటలో భర్త లేనే లేడంట. వేరుపడి నిలిచినది అని మాత్రమే దాని అర్థమంట. ఆ మాటను ఎవురో తర్వాత రెండు ముక్కలుగా విరిచి, అందులోంచి ధవుడు అనేవాణ్ణి బయటికి తీసినారంటారు. అంటే ఆ మాట వరకు విధవే ముందు పుట్టింది, మొగుడు తర్వాత పుట్టినాడు."

కొందరు నవ్వారు. వెంకటేశ్వరమ్మ నవ్వలేదు. నిలబడే ఉంది.

ఆ రోజు పాఠం ముందుకు పోలేదు. పిల్లలు వరసగా అడుగుతుంటే కరుణమ్మ పేజీలు తిప్పుతూ పోయింది. మ్యాన్ అంటే మొదట్లో మగవాడు కాదట, మనిషి అట. మగవాడికి వేరే మాట ఉండేదట. అది చచ్చిపోయిందట. వుమన్‌ను విప్పి చూస్తే మన ఆడమనిషే. ఆడ, మనిషి, రెండు ముక్కలూ అచ్చం అట్లే ఉన్నాయట. గర్ల్ అంటే ఒకప్పుడు ఆడపిల్లయినా మగపిల్లవాడైనా సరేనట. లేడీ అంటే రొట్టెపిండి పిసికేది. లార్డ్ అంటే ఆ రొట్టెకు కాపలా ఉండేవాడు.

"అయితే జొన్నరొట్టెలు తట్టే మేమంతా లేడీలేనా మేడం?" అంది ఒకామె.

"మీరే అసలు లేడీలు."

"మరి స్పిన్‌స్టర్?"

కరుణమ్మ నవ్వింది. "అది నేను. పెండ్లికాని ఆడమనిషి. పుట్టింట్లో మాత్రం నూలు వడికేది అని అర్థం. మగవాడి సంపాదన లేకుండా తన రాట్నం మీద తాను బతికేదని, పోనుపోను పెండ్లికాని వాళ్ళందరికీ ఆ పేరు పడింది. నా బతుకులో నేను రాట్నం ముట్టింది లేదు. అయినా నా కాగితాల మీద నన్ను వడికేది అనే రాసినారు."

సాయంత్రం హాస్టలు పెరట్లో మిగతావాళ్ళు బట్టలు తీసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. వెంకటేశ్వరమ్మ దూరంగా గోడ దగ్గర నిలబడింది. ఎదురుగా పాలకొండలు ఎండ వాలి వంకాయరంగుకు తిరుగుతున్నాయి. ఆ కొండల వయసెంతో ఎవరికీ తెలియదంటారు. కొండలంత కాకపోయినా, తన నెత్తిమీద పడిన ఆ మాటకు కూడా అంతుచిక్కని వయసుంది. ఎప్పుడో, ఎక్కడో, ఒక మగవాడు వేటకు పోయి తిరిగి రాలేదు. నిప్పు దగ్గర ఒక ఆడమనిషి ఒంటరిగా నిలబడింది. చూసినవాళ్ళు ఆమెను ఏమనాలో తెలియక ఒక మాట అన్నారు. ఆ మాటలో తిట్టు లేదు, అశుభం లేదు. వేరుపడి నిలిచిందని మాత్రమే ఉంది. దాన్ని నోట్లో పెట్టుకొని మనుషులు ఎడారులు దాటారు, మంచు దాటారు. రాజ్యాలు పుట్టి పోయాయి. ఆ మాట నడిచి నడిచి కోయిలకుంట్లలో వంటింటి వెనక వసారాకు వచ్చింది. ఇటు నడిచినట్టే అటు దొరల దేశానికీ పోయింది. అక్కడా ఎవరో ఒకామె గోడ పక్కన నిలబడి ఉంటుంది.

వెంకటేశ్వరమ్మకు ఏడుపు రాలేదు. ఇంత పెద్ద సంగతిలో తానూ ఒకతెనని ఆమెకు ఇంతవరకు తెలియదు.

ట్రైనింగు ముగిసి ఆమెకు కర్నూలు జిల్లా బోర్డు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఊరు ఆలూరు అవతల ఒక పల్లె. ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడివడి కర్నూల్లో కలిసిన మరుసటి ఏడది. అక్కడివాళ్ళ మాటల్లో సగం కన్నడం. బడి ఒక పాత మట్టిమిద్దె. నారాయణ ఆమెను దింపి, భీమక్క అనే ముసలామె ఇంట్లో ఒక గది మాట్లాడి వెళ్ళిపోయాడు.

మొదటిరోజు బడి ముందు నలుగురు ఆడవాళ్ళు గుమిగూడారు. ఆమెను చూసి, ఆమె వెనక చూశారు.

"ఐవారు యాడ తల్లీ?" అని అడిగిందొకామె.

"నేనే."

"నువ్వు ఐవారమ్మవా? మరి ఐవారు?"

ఆ ఊళ్ళో ఐవారు అంటే బడిపంతులు. ఐవారమ్మ అంటే ఆయన భార్య. ఆడమనిషే పాఠం చెప్పడం వాళ్ళు చూడలేదు, దానికి మాట కూడా లేదు. తనకు ఐవారెవరూ లేరనీ, తానే చెబుతాననీ వెంకటేశ్వరమ్మ వివరించేసరికి వాళ్ళు ఆమె నుదురు చూశారు, చేతులు చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకొని వెళ్ళిపోయారు.

మరునాడు బడికి ఒక్క పిల్లా రాలేదు. ఆ మరునాడూ రాలేదు. భీమక్కే సంగతి చెప్పింది.

"నీమింద ఎవురికీ కోపం లేదు బిడ్డా. తెల్లారి లేస్తానే పిల్లోల్లు నీ మొగం చూస్తే మంచిది కాదంటాండారు. రేపోమాపో ఇత్తనం పొద్దు గదా."

అది ఏరువాక సమయం. ఒక వాన పడింది. రెండో వాన కోసం ఊరంతా ఆకాశం వంక చూస్తోంది. వెంకటేశ్వరమ్మ రోజూ బడి తలుపు తీసి, నేల ఊడ్చి, ఖాళీ గదిలో కూర్చునేది. ఏమీ తోచక ఒకనాడు సుద్దముక్క తీసుకొని, కడపలో చదివిన ఇంగ్లీషు మాటలు బోర్డు మీద రాసుకుంటోంది. అప్పుడు గుమ్మంలో చప్పుడయింది.

వచ్చినాయన పెద్ద ఈరన్న. ఊరికి పెద్ద. అరవై దాటిన మనిషి, భుజాన కంబళి. ఆయన గొర్రుకు ఎద్దులను కట్టి విత్తనం మొదలుపెడితేనే మిగతా ఊరు పెట్టడం అక్కడి ఆచారం. ఆయన లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"అమ్మా, చెప్పేదానికి నాకు నోరు రాదు. ఊరోళ్ళు నన్ను పంపించినారు. నువ్వు ఇంగో ఊరు రాయించుకుంటే బాగుంటాది. ఆలూర్లో అయితే చదువుకున్నోళ్ళు ఉండారు, ఏమీ అనుకోరు."

వాదించే ఓపిక వెంకటేశ్వరమ్మకు లేదు. సుద్దముక్క చేతిలో అలాగే ఉంది. ఆయన బోర్డు వంక చూశాడు.

"అదేం రాసినావు?"

"ఇంగ్లీషు పెద్దనాయనా."

"ఏమని?"

ఆమె బోర్డు వైపు తిరిగింది. ఒక మాట కింద వేలుపెట్టింది. "ఇది నేను. విడో. మొగుడు పోయిన ఆడమనిషి." వేలు పక్కకు జరిపింది. "ఇది మీరు."

భీమక్క మాటల్లో ఆమెకు ఈ సంగతి ముందే తెలిసింది. పెద్ద ఈరన్న భార్య పోయి ఇరవై ఏండ్లయిందనీ, ఆయన మళ్ళీ పెండ్లి చేసుకోలేదనీ.

"నేనా?" అన్నాడాయన. ఒక అడుగు ముందుకు వేశాడు. గడప దాటినట్టు ఆయనకు తెలియలేదు. "నాకు మాటేంది?"

"పెండ్లాం పోయిన మగమనిషి. విడోయర్ అంటారు."

"అట్లోనికి ఒక మాట ఉండాదా?"

"ఉండాది."

ఆయన ఆ అక్షరాల దగ్గరికి పోయి, చదవరాకపోయినా వాటిని పైనుంచి కిందికి చూశాడు. "మన బాసలో లేదే," అన్నాడు. "పెండ్లాం పోయినోడు అంటారు. అంతే. పేరు లేదు."

"పుస్తకాల్లో యాడన్నా ఉండచ్చు పెద్దనాయనా. మన నోట్లో మాత్రం లేదు. వాళ్ళకు గూడా మొదట్లో లేదంట. ఆడమనిషికి ఉండే ఈ మాటకే తోక పెట్టి మగవాడికి చేసినారు."

"ఇడోయరు," అన్నాడు పెద్ద ఈరన్న నెమ్మదిగా. నోట్లో కొత్త పండు పెట్టుకున్నవాడిలా మళ్ళీ అన్నాడు. "ఇడోయరు." గోడవారగా నేలమీద కూర్చున్నాడు. కంబళి జారిపోతే సర్దుకోలేదు.

కడపలో విన్నదంతా ఆమె చెప్పింది. విధవ, విడో ఒకే ఇంటి మాటలని చెప్పింది. వేరుపడి నిలవడం తప్ప ఆ మాటలో మొదట చెడ్డ అర్థం లేదని చెప్పింది. ఆయన రెప్ప వాల్చకుండా విన్నాడు.

"మన తాతముత్తాతల కంటే ముందుదా?"

"శానా ముందు. ఊళ్ళో ఆంజనేయులు గుడి కంటే, ఈ ఊరి కంటే, ఆలూరు కోట కంటే ముందు."

"అబ్బ," అన్నాడాయన. ఆ ఒక్క మాటా లోపల్నుంచి వచ్చింది. తర్వాత నేలవంక చూస్తూ భార్య పోయిననాటి సంగతి ఎత్తాడు.

"ఆయమ్మ దినాలు అయిన మూడో దినానికే నన్ను పెండ్లికి పిలిచినారు. నేను పోయి అక్షింతలేసినా. నన్ను చూసి ఎవురూ ఎనక్కి తిరగలేదు. పొద్దున్నే ఎదురైతే నవ్వి పలకరించినారు. మూడు నెలలు కాకముందే ఇంగో పిల్లని చూడమన్నారు. నాకేమీ కానట్టే చూసినారు బిడ్డా. నాకు శానా అయింది. ఏమయిందో చెప్పుకునేదానికి ఒక మాటన్నా లేకపోయె."

ఒక మాట నెత్తిన పడితే ఎలా ఉంటుందో వెంకటేశ్వరమ్మకు తెలుసు. మాటే లేకపోతే ఎలా ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఎదురుగా కూర్చున్న ఆ పెద్దమనిషి ఇరవై ఏండ్లుగా పేరులేని చోట నిలబడి ఉన్నాడు.

ఆయన లేచి కంబళి వేసుకున్నాడు. ఏం చెప్పడానికి వచ్చాడో ఆ సంగతి మళ్ళీ ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

రెండో వాన పడింది. మరునాడు పొద్దున గొర్రు కట్టి, ఎద్దుల కొమ్ములకు పసుపు పూసి ఊరంతా వీధిలో నిలబడింది. విత్తనం బయల్దేరే దారి భీమక్క ఇంటి ముందునుంచే. వెంకటేశ్వరమ్మ లోపల తలుపు వేసుకొని కూర్చుంది. ఎద్దుల మువ్వలు దగ్గరికి వచ్చి ఆగిపోయాయి.

"ఐవారమ్మా," అని పిలిచాడు పెద్ద ఈరన్న. "బయటికి రా తల్లీ. నాకు ఎదురు రా."

వీధిలో గుసగుసలు లేచాయి. ఆయన తమ్ముడు చిన్న ఈరన్న ముందుకు వచ్చి ఎద్దుల పగ్గం పట్టుకున్నాడు. "అన్నా, ఏం చేస్తాండావు? ఇత్తనం పొద్దు ఇది."

"ఇరవై ఏండ్లుగా ఈ గొర్రు ఎవురు తోల్తాండారు?"

"నువ్వే."

"నాకు పెండ్లాం ఉండాదా?"

చిన్న ఈరన్న పగ్గం వదిలాడు.

"ఐవారమ్మ ఏందో నేనూ అదే. ఆయమ్మ ఎదురొస్తే ఇత్తనం మొలకెత్తదంటే, నేను తోలింది ఎట్ల మొలిచె?"

లోపల ఉన్న భీమక్క లేచి తలుపు గొళ్ళెం తీసింది. వెంకటేశ్వరమ్మ గడప దాటి వచ్చింది. వీధి మధ్యలో, గొర్రుకు ఎదురుగా, అంతమంది చూస్తుండగా నిలబడింది. పెద్ద ఈరన్న ఆమెకు చేతులెత్తి దండం పెట్టి ఎద్దులను అదిలించాడు. తడిసిన నేల వాసన గాలిలో ఉంది. మువ్వలు ఆమె పక్కగా సాగిపోయాయి. ఆమె వెనక్కి తిరిగి, ఎర్రటి చేనులో గొర్రు మొదటి చాలు తీసేదాకా చూస్తూ నిలబడింది.

ఆ ఏడు పంట ఎప్పటిలాగే కొంత పండింది, కొంత ఎండింది. చెడ్డది మాత్రం కాలేదు. ముందు పెద్ద ఈరన్న మనవరాలు ఈరక్క పలక పట్టుకొని వచ్చింది. తర్వాత పక్కింటివాళ్ళు పంపారు. రాకుండా చివరిదాకా పట్టుపట్టిన ఇండ్లూ ఉన్నాయి. దసరా దాటేసరికి గది సగం నిండింది. ఐవారు ఎవరని అడగడం మానేసి, ఐవారమ్మ అంటే పాఠం చెప్పే ఆమె అని ఊళ్ళో అందరూ అనుకోవడం అలవాటయింది. అలా ఎప్పుడు మారిందో ఎవరూ గమనించలేదు.

శనక్కాయలు పెరికే రోజుల్లో ఒక మధ్యాహ్నం పెద్ద ఈరన్న బడికి వచ్చి వెనక కూర్చున్నాడు. పిల్లలు వల్లెవేస్తుంటే విన్నాడు. వాళ్ళు ఆగినాక గొంతు సవరించుకున్నాడు.

"ఒక పేరు రాస్తావా బిడ్డా, బోర్డు మింద?"

"ఎవరి పేరు పెద్దనాయనా?"

ఆ ప్రాంతంలో భర్తలు భార్యల పేర్లు పలకరు. భార్య ఉన్నప్పుడు ఆయన ఏమే అని పిలిచాడు. పోయినాక ఆయమ్మ అన్నాడు. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి.

"మద్దమ్మ," అన్నాడు చివరికి.

వెంకటేశ్వరమ్మ పెద్ద అక్షరాలతో రాసింది. బోర్డు మీద ఏది రాసినా గట్టిగా చదవడం పిల్లలకు అలవాటు. ఆమె చెప్పకముందే అందరూ ఒక్క గొంతుతో చదివారు.

"మద్దమ్మ!"

ఆ కేక మట్టిమిద్దెలో మారుమోగింది. పెద్ద ఈరన్న కండ్లు మూసుకున్నాడు. గోడకు ఆనుకొని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని అలాగే ఉన్నాడు.

"ఇంగొక్కతూరి చదవమను తల్లీ," అన్నాడు.